మచ్చలు ముట్టుకోవద్దు

చిక్కబళ్ళాపురంలో పెళ్ళి ఫొటోలకూ, చీరల దుకాణాల ప్రకటనలకూ మెరుగులు దిద్దడం నా పని. పందిని నంది, నందిని పంది చేసే విద్య అని మా ఆవిడ వెక్కిరిస్తుంది. నా లెక్క వేరు. మొటిమ పోవాలి, చర్మం మిగలాలి. నున్నగా నలిపేసిన ముఖం మైదాపిండి ముద్దలా ఉంటుంది. అలాంటి ఫొటో ఎవరైనా గొప్పగా చూపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒకరోజు బాగేపల్లి నుంచి ఒకామె వచ్చింది. ఎడమ కంటి చుట్టూ, పెదవి పక్కన, గడ్డం మీద బొల్లి మచ్చలు. చాలా ఏళ్ళు వేరేవాళ్ళ బ్యూటీ పార్లర్లలో పనిచేసి, ఇప్పుడు సొంతంగా ఒకటి పెడుతోంది. బోర్డు మీద అందరిలా సినిమా తార బొమ్మ కాదు, తన బొమ్మే వేయాలట.

"మొగం బాగా రావల్ల అప్పా. మచ్చలు మాత్రం ముట్టుకోవద్దు," అంది.

"ఎందుకమ్మా? వచ్చేవాళ్ళు బోర్డు చూసే కదా వచ్చేది?"

"అందుకేనప్పా. నా పార్లర్ మిద్దె మీద ఉండాది. మెట్లెక్కొచ్చి, కుర్చీలో కూచున్నాంక నా మొగం చూసి లేసి పోతారు చూడు, అది శానా బేజారు. ఇన్నేండ్లు అదే పడితి. ఇంక కింద్నించే చూడనీ. వచ్చేవాళ్ళు వస్తారు."

ఫొటో తీసి కంప్యూటర్‌లో పెద్దది చేసుకుని కూర్చున్నాను. చెదిరిన వెంట్రుకలు సర్దాను, ముక్కు మీది జిడ్డు మెరుపు తగ్గించాను, బుగ్గ మీద మానుతున్న మొటిమను తీసేశాను. తర్వాత మచ్చ అంచుకు వచ్చాను. గోధుమ రంగు ఆగిపోయి తెలుపు మొదలయ్యే చోట చర్మం ఆగలేదు. అటూ ఇటూ అవే సన్నని గీతలు, అదే నూగు. ఇన్నేళ్ళుగా ముఖాలు దిద్దుతున్నవాడిని, అంత అందమైన అంచును ఎప్పుడూ చూడలేదు. మౌస్ మీద నుంచి చేయి తీసి కాసేపు ఊరికే చూస్తూ ఉండిపోయాను.

ప్రారంభం రోజు పొద్దున ప్రింటింగ్ షాపులో చుట్టి పెట్టిన ఫ్లెక్సును అలాగే బండికి కట్టుకుని బాగేపల్లి వెళ్ళాను. మిద్దె మీద పూజకు అంతా సిద్ధంగా ఉంది. వరండాలో ఫ్లెక్సు పరిచి చూశాను. ముఖం మీద ఒక్క మచ్చ లేదు.

ప్రింటింగ్ షాపుకు ఫోన్ చేశాను.

"ఫొటోలో ఆడాడ రంగు పోయిందనుకుంటి అప్పా. నేనే కంప్యూటర్‌లో కూచోని నింపితి. బాగుండాదా?" అన్నాడు ఆపరేటరు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. తిట్టడానికి నోరు రాలేదు. పాపం, బాగానే నింపాడు.

ఆమె ఫ్లెక్సు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. బుగ్గ మీద చేత్తో రాసింది.

"పెండ్లికి ముందు ఇట్లే ఉంటినప్పా," అంది.

ఇక ఇదే ఉంచమంటుందనుకున్నాను. ఆమె స్థానంలో నేనుంటే ఉంచేవాణ్ణే. పూజారి సమయం మించిపోతోందని తొందరపెడుతున్నాడు. మళ్ళీ ప్రింటు వేయించి తెచ్చే వ్యవధి లేదు.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. కిటికీ ఊచలకు వేయగా మిగిలిన తెల్ల పెయింటు డబ్బా, పెదవులకు రంగు వేసే కుంచె, ఒక స్పాంజి తెచ్చింది. డబ్బా మూతలో కొంచెం పెయింటు పోసి, పూజ పళ్ళెంలోంచి చిటికెడు కుంకుమ తీసి అందులో కలిపింది. నేను ఫోనులో అసలు ఫొటో తెరిచి చూపించబోయాను.

"నా మొగం నాకు తెలీదా అప్పా?"

కంటి దగ్గర మొదలుపెట్టింది. తప్పు పడితే నేను ఒక మీట నొక్కి వెనక్కి తీసుకుంటాను. ఆమెకు ఆ వీలు లేదు. అయినా కుంచె ఒక్కసారి కూడా తడబడలేదు. స్పాంజితో అద్ది అద్ది అంచుల్ని మెత్తబరిచింది. ఇన్నేళ్ళు మనుషుల్ని కుర్చీలోంచి లేపి పంపిన ఆ తెలుపును, పెళ్ళికూతురికి బొట్టు దిద్దినంత శ్రద్ధగా తన ముఖం మీద తానే పెట్టుకుంది.

ఇద్దరం కలిసి బోర్డు కట్టాం. గడ్డం దగ్గర రంగు కొంచెం కారింది. పూజ అయ్యాక ఆమె మెట్ల పైన నిలబడింది, నేను కింద బండి దగ్గర.

కూరగాయల సంచితో వెళ్తున్న ఒకావిడ ఆగింది. తలెత్తి బోర్డు చూసింది. మెట్ల పైనున్న మనిషిని చూసింది. మళ్ళీ బోర్డు చూసింది.

ఆవిడ సంచి భుజం మార్చుకుని మెట్లెక్కింది.

"చెప్పులు యాడ ఇడవల్లమ్మా?" అని అడిగింది.