పనామాలో మోషే చెప్పులు

పనామా నగరంలో మా బావమరిది మోషే చెప్పులకు జనం కొవ్వొత్తులు వెలిగించి మొక్కారు. జనం అంటే మరీ ఎక్కువేమో, ఒక ముసలమ్మ. ఆ కొవ్వొత్తి కూడా పక్కనున్న పునీతుడి విగ్రహానికే కావచ్చు.

మోషేది మలికిపురం. సరుకుల ఓడలో వంటవాడు. 1978లో ఓడ పనామాలో ఆగినప్పుడు, నాలుగింటికల్లా రాకపోతే వదిలేసి వెళ్తామని చెప్పి ఊరు చూడటానికి పంపారు. స్పెయిన్ దొరల కాలంనాటి వీధుల్లో తిరిగి, ఒక పాత చర్చి కనబడితే మన ఊళ్లోలాగే గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. ప్రార్థన చేసుకుని వస్తే చెప్పులు లేవు. గుమ్మం మారిందేమోనని ఇంకో గుమ్మంలోంచి వచ్చాడు. అక్కడా లేవు. అసలు ఇదే చర్చా అని అనుమానం వచ్చింది. పక్క వీధిలో అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంది. దాని చుట్టూ కూడా తిరిగాడు. మూడున్నరయింది. రేవు ఎటువైపో కూడా మరిచిపోయాడు.

మళ్లీ మొదటి చర్చిలోకి వెళ్తే, చెప్పులు పునీతుడి పాదాల దగ్గర ఉన్నాయి. ఎవరి మొక్కుబడో అనుకుని ఊడ్చేవాడు అక్కడ పెట్టాడు. ముందు ముసలమ్మ మోకరించి ఉంది. ఆవిడ ముందునుంచి తీయడానికి మనసొప్పక, ఓడ కూత వినబడిన వైపు ఉత్తకాళ్లతో పరుగెత్తాడు.

ఈ కథ మోషే ఎదురుగానే చెప్పాను.

“చిన్నప్పుడు కాన్వెంటు బళ్లో మీకు నేర్పింది ఇదాండీ, బావగారూ? నేను ఆ ఊళ్లో ఓడ దిగనే లేదండి. అసలు అప్పటికి నాకు చెప్పులే లేవండి.”