ఇసుక మేట మీద అవ్వ చెప్పిన అబద్ధం

నా చిన్నప్పుడు మా ఇంట్లో సుద్దముక్కకు చాలా గౌరవం ఉండేది. మా బాపు గోదావరిఖనిలో ఒక బొగ్గు బాయిలో సర్దారు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా లోపలికి దిగి, కర్రతో పైకప్పును తట్టి చూసి, బండ వదులైన చోట సుద్దతో అడ్డగీతలు గీసి, పక్కన తారీఖు వేసి రావడం ఆయన పని. ఆ గీత దాటి ఎవరూ అడుగు వేయరు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు ఉండేవి. వాటిని ముట్టుకుంటే అమ్మ కోప్పడేది. ఒక గీత గీస్తే మనుషులు బతుకుతారన్న నమ్మకంతోనే నేను పెరిగాను.

నాకు రెండో నమ్మకం పుస్తకాల మీద. మా కాలనీలో ఒక చిన్న రీడింగ్ రూము ఉండేది. డ్యూటీ దిగిన కార్మికులు పేపరు చదువుకోవడానికి వచ్చేవారు. ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆరో తరగతికి వచ్చేసరికి అక్కడున్న బీరువా సగం చదివేశాను. ఒక పాత పత్రికలో ఒక వ్యాసం చూశాను. ఏదో దేశంలో నది ఒడ్డున పక్షులు గుడ్లు పెట్టే కాలంలో ఊరివాళ్లే సెలవురోజుల్లో వచ్చి, గూళ్లను లెక్కపెట్టి, చుట్టూ గుర్తులు పెట్టి కాపలా కాస్తారట. జీతం లేదు, పక్షుల గురించి నేర్చుకున్న చదువు మాత్రం ఉంటుంది. ఆ వ్యాసాన్ని ఎన్నిసార్లు చదివానో. ఆ పని చేసే మనుషుల్లో నేనూ ఒకదాన్ని అయినట్టు ఊహించుకునేదాన్ని.

ఎండాకాలం వస్తే మా క్వార్టర్ల లైనుకు నెత్తిన గంపతో ఒక అవ్వ కర్బూజలు అమ్మడానికి వచ్చేది. గోదావరి ఒడ్డున ఉన్న పల్లె ఆమెది. నీళ్లు తగ్గాక బయటపడ్డ ఇసుక మేట మీద గుంతలు తీసి, ఎరువు వేసి తీగలు పెట్టేది. నేను కాయను వేళ్లతో తట్టి చూస్తుంటే నవ్వేది. "ఏందే సర్దారు బిడ్డా, అది బాయి కప్పు అనుకున్నవా? నా కాయ కూలదు తియ్యి," అనేది. మా అమ్మకు ఆమె మీద నమ్మకం కుదిరి, ఆదివారాలు ఆమె వెంట నదికి నన్ను పంపడానికి ఒప్పుకుంది.

అవ్వ తోటకు అవతల, నీళ్ల అంచు దాకా ఉత్త ఇసుక. ఆ ఇసుకలోనే పక్షులు గుడ్లు పెట్టేవి. బూడిద రంగు రెక్కలు, నల్ల టోపీ పెట్టుకున్నట్టు తల, పసుపుపచ్చ ముక్కు. అవ్వ వాటిని ఇసుకపిట్టలు అనేది. గూడంటూ ఏమీ ఉండదు, అరచేతి అంత ఒక గుంత, అందులో ఇసుక రంగులోనే మచ్చల గుడ్లు. కాలి కింద పడేదాకా కనబడవు. అందుకే అవ్వ తోట గట్టు దాటి ఎప్పుడూ పోయేది కాదు. అవి తన తీగల జోలికి రావు, తాను వాటి గుడ్ల జోలికి పోదు, అంతేనట.

మేటకు ఇంకో పక్క లారీలు ఆగేవి. బొగ్గు తీసిన చోట బాయిలో ఏర్పడే ఖాళీలను నింపడానికి నది నుంచి ఇసుక తీసుకుపోయేవారు. ఇసుక కాంట్రాక్టరు దగ్గర పనిచేసే మేస్త్రీ కన్ను ఎప్పుడూ అవ్వ తోట వైపు ఉండేది. అటువైపు ఇసుక సన్నగా, శుభ్రంగా ఉంటుంది మరి. అవ్వ మాత్రం తోట గట్టు దాటితే ఊబి ఉందని చెప్పేది. మొదటిసారి విన్నప్పుడు నేనూ భయపడ్డాను. "పోయినేడు మా మరిది బర్రె దిగవడ్డది. కొమ్ములు సుత దొరకలే," అని మేస్త్రీతో ఎంతో బాధగా చెప్పింది. ఇంకో రోజు లారీ డ్రైవరు అడిగితే బర్రెతో పాటు దూడ కూడా పోయింది. తోట గట్టు మీద నడిచేటప్పుడు చేతికర్రను ముందు ఇసుకలో గుచ్చి చూసి, అప్పుడు అడుగు వేసేది. వాళ్లు పోయాక నా వైపు తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమెకు మరిదీ లేడు, బర్రె అంతకన్నా లేదు.

ఒక ఆదివారం చూస్తే లారీ చక్రాల జాడలు ముందటి వారం కంటే చాలా దగ్గరికి వచ్చాయి. అవ్వకు పత్రికలో చదివినదంతా చెప్పాను. గూళ్ల చుట్టూ గుర్తు పెడదామన్నాను. బాయిలో మా బాపు గీసిన గీతను అందరూ ఎట్లా మన్నిస్తారో కూడా చెప్పాను.

అవ్వ తీగకు నీళ్లు పోస్తూ తల కూడా ఎత్తలేదు. "వద్దు బిడ్డా. గుర్తు పెడ్తె నువ్వు సూసినట్టే ఇంకోడు సూస్తడు," అంది.

"పుస్తకంల ఉన్నదే అవ్వా."

"పుస్తకం రాసినోడు మన మేస్త్రీని సూసిండా?"

నాకు చిన్నతనం అనిపించింది. అక్షరం రాని మనిషి, ఆమెకు ఏం తెలుసు అనుకున్నాను. ఇప్పటికీ ఈ వాక్యం రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆ రోజు అనుకున్నది అదే.

అప్పుడు ఒంటిపూట బళ్లు. శనివారం బడి వదలగానే, ఇంటికి వేయడానికి తెచ్చిన సున్నంలో కొంత పొట్లం కట్టుకుని ఒక్కదాన్నే నదికి పోయాను. అవ్వ ఊళ్లోకి కాయలు అమ్మడానికి పోయి ఉంది. పక్షులు నా తల మీద అరుస్తూ తిరుగుతుంటే, ఒక్కో గుంతను వెతికి పట్టుకుని చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత పోశాను. పదకొండు గూళ్లు. ఒక్కోదాని పక్కన మా బాపు లాగే తారీఖు వేశాను. గట్టు మీద నిలబడి చూసుకుంటే తెల్లటి సున్నాలు ఎండలో మెరుస్తూ ఎంత దూరానికైనా కనబడుతున్నాయి. పత్రికలోని మనుషులు నన్ను చూస్తే మెచ్చుకుంటారనుకుంటూ ఇంటికి వచ్చాను.

మరునాడు అవ్వతో కలిసి పోయేసరికి మేస్త్రీ ఆ ఇసుక మధ్యలో బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు. లోడింగ్ మనుషులు నలుగురు ఒక పొయ్యి చుట్టూ కూర్చుని ఉన్నారు. పొయ్యి పక్కన గుడ్డు పెంకులు. నేను గీసిన గీతలన్నీ అట్లాగే ఉన్నాయి, లోపల గుంతలు ఖాళీగా ఉన్నాయి.

"ఏం ముసల్దానా," అన్నాడు మేస్త్రీ, "నీ మరిది బర్రె మునిగింది గని, సున్నం పోసినోళ్లు మునుగలేదేంది?"

పొయ్యి దగ్గరి వాళ్లు పడీ పడీ నవ్వారు. అవ్వ గీతలను చూసింది, వాటి పక్కన ఉన్న తారీఖులను చూసింది. చదవడం రాకపోయినా అవి చదువుకున్నవాళ్ల రాతలని ఆమెకు తెలుసు. తర్వాత నన్ను చూసింది. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా నొక్కింది. "నేనే పోసిన. గట్టి నేల ఎంత దాక ఉన్నదో ఎరుక కావాలె గద," అంది. మేస్త్రీ ఆమె మాట వినడం అప్పటికే మానేశాడు. లారీకి దారి ఎటు తీయాలో మనుషులకు చెయ్యి చూపిస్తున్నాడు. అన్నేళ్లూ ఆ మేటకు ఉన్న కంచె ఆమె మాట ఒక్కటే. ఊబి లేదని నా అడుగుల జాడలు వాళ్లకు చూపించాయి.

వాళ్లు పోయాక తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, "సూడు," అంది. అంతే. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఒక పక్షి నది మీదికి పోయి, పొట్ట నీళ్లకు తగిలేలా ముంచి, తడి ఈకలతో తిరిగి వచ్చి, ఖాళీ గుంతలో మెల్లగా కూర్చుంది. కాసేపటికి లేచి, గుంతలోకి వంగి చూసి, మళ్లీ నదికి పోయి తడుపుకుని వచ్చి కూర్చుంది. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా అవి అట్లా చల్లబరుస్తాయని చాలా ఏళ్ల తర్వాత లైబ్రరీ పుస్తకంలో చదివాను. ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు, అది లేని గుడ్లనే కాపాడుతోందని చెప్పకుండానే అర్థమైంది. పొద్దు వాలేదాకా అవ్వ నన్ను లేవనివ్వలేదు. చివరికి ఒక్క మాట అడిగింది. "సదువుకున్నదానివి గద, ఆ పిట్టకు ఏం చెప్తవో చెప్పు." ఈ సంగతి మా బాపుకు ఆయన బతికి ఉన్నన్నాళ్లూ చెప్పలేదు.

నెల తిరగకుండానే లారీల దారి అవ్వ తోట మీదుగా పోయింది. మరుసటి ఎండాకాలం ఆమె మా లైనుకు రాలేదు. నేనే వెతుక్కుంటూ పోతే అదే మేస్త్రీ కింద, అదే మేట మీద, ఇసుక తట్ట మోస్తూ కనిపించింది. "ఈసారి కాయలు లెవ్వు బిడ్డా. ఇసుక తింటవా?" అని నవ్వింది. ఆ నవ్వులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది, పుస్తకాలు ఆగలేదు. పిల్లల పెళ్లిళ్లు అయ్యాక, అరవై దాటిన వయసులో, మా జిల్లాలో పక్షులను, చెరువులను కాపాడాలని పనిచేసే కొందరు యువకులు స్వచ్ఛందంగా వచ్చేవాళ్లకు శిక్షణ ఇస్తున్నారని తెలిసి పేరు ఇచ్చాను. నలభై రోజులు అడవి వెంట, నది వెంట తిరిగాను. పరీక్ష రాశాను. అందరికంటే పెద్దదాన్ని, అందరికంటే ఎక్కువ పక్షుల పేర్లు చెప్పినదాన్నీ నేనే. మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. నది ఎగువకు పోతే ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క చిన్న లంక. దాని మీద ఇసుకపిట్టలను నేనే కనిపెట్టాను, రెండు ఎండాకాలాలు నేనే లెక్కపెట్టాను. గుడ్లు ఎన్ని, పిల్లలు ఎన్ని, అన్నీ రాశాను. వాళ్లిచ్చిన ఫారంలో 'ఎక్కడ' అన్న గడిని మాత్రం ఖాళీగా వదిలాను.

మా పని చూసే అమ్మాయి ఫోను చేసింది. "పెద్దమ్మా, జాగ రాయకపోతే ఇది లెక్కలకు రాదు. మేము ఎవ్వరికీ చెప్పం," అని బతిమాలింది. నేను రాయలేదు. గుర్తు పెడితే ఏమవుతుందో నాకు తెలుసు అన్నాను. తెలుసన్న గర్వం నా గొంతులో నాకే వినిపించింది.

ఈ చలికాలం ఆ లంకలో ఇసుక తీయడానికి అనుమతి కోసం పంచాయతీ ఆఫీసులో మీటింగ్ పెట్టారు. అక్కడ పక్షులు గుడ్లు పెడతాయనడానికి ఎవరి దగ్గరైనా రికార్డు ఉందా అని అధికారి అడిగాడు. సరిగ్గానే అడిగాడు, రెండుసార్లు అడిగాడు. ఆ అమ్మాయి నా కాగితాలన్నీ తిప్పింది. ఎక్కడా ఆ లంక పేరు లేదు. నేను లేచి నోటితో చెప్పాను. అంతకుముందు ఎందుకు రాయలేదని అడిగారు. నోటి మాట చాలదని అనుమతి ఇచ్చేశారు.

ఇన్నేళ్లూ అవ్వ నాకు మౌనం నేర్పిందనుకున్నాను. అవ్వ ఏనాడు మౌనంగా ఉంది గనుక? ప్రతి పొద్దున మేస్త్రీకి ఎదురు నిలబడి మాట్లాడింది. డ్రైవర్లతో మాట్లాడింది. ఎవరికి ఏం చెప్పాలో, ఎవరికి ఏం చెప్పకూడదో మనిషిని చూసి తేల్చుకుంది. చివరికి నా తప్పు వల్ల తన తోటను పోగొట్టుకుంది. నేను అందులోంచి సులువైన సగం మాత్రమే తీసుకున్నాను. నోరు మూసుకుని ఉండటానికి ధైర్యం అక్కర్లేదు, దాన్నే తెలివి అని చెప్పుకుంటూ బతికాను.

ఇంకో నెలలో పక్షులు వస్తాయి, లారీలూ వస్తాయి. మొదటి లారీ వచ్చే పొద్దున నేను ఆ ఒడ్డున ఉంటాను. వాళ్లతో ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా తోచడం లేదు. బీరువాల కొద్దీ చదివాను గాని, ఎదుటి మనిషి కళ్లలోకి చూసి అతన్ని ఆపగలిగే మాట ఒక్కటీ నేర్చుకోలేదు. అవ్వ నన్ను గట్టు మీద కూర్చోబెట్టిన రోజు నుంచి నేను మోస్తున్నది ఆ లోటునే.