ఏసోబు బాబాయ్ ఊపిరి పరీక్ష

మొదటిరోజు హాజరు మిషనే ఏసోబు బాబాయిని ఒప్పుకోలేదు. బొటనవేలు పెట్టాడు, చూపుడువేలు పెట్టాడు, చెయ్యి మార్చి పెట్టాడు. ఎర్రలైటే. ముప్ఫై ఆరేళ్లు సున్నంలో ఆడిన చేతులవి. వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. వెనక వరసలో వాళ్లు నవ్వుతుంటే తనూ నవ్వి, "నేనొచ్చినట్టు నువ్వే రాసుకో మేడమ్మా. యాడికీ పోయేవాణ్ణి కాదులే," అన్నాడు.

నా పేరు కోటేశ్వరి, మాది నరసరావుపేట. పిడుగురాళ్ల అవతల కొత్తగా కట్టిన సున్నం ఫ్యాక్టరీలో పనివాళ్లకు మిషన్లు నేర్పే ఉద్యోగం నాది. పాత బట్టీలన్నీ బొగ్గుతో నడిచేవి. ఈ ఫ్యాక్టరీలో బొగ్గూ లేదు, అంత దుమ్మూ లేదు. రైతులు చేలల్లో తగలబెట్టే పత్తికట్టెను కొని, పొట్టు చేసి, దాన్నుంచి గ్యాసు తీసి మండిస్తారు. బట్టీ చుట్టూ సెన్సర్లు, అవి చెప్పే వేడి ఏసీ గదిలో స్క్రీన్ మీద. బట్టీలు మూతపడి పని పోయినవాళ్లకు మూణ్ణెల్లు నేర్పి, పాసైనవాళ్లను తీసుకుంటామన్నారు. మొదటి బ్యాచ్‌లో ఇరవై నలుగురు చేరారు. యాభై దాటినవాడు ఏసోబు బాబాయ్ ఒక్కడే.

ఆయనది రెంటచింతల. వానలు మొహం చాటేసిన ఒక ఏడు, పదహారేళ్ల వయసులో వచ్చి గోపాలకృష్ణయ్య గారి బట్టీలో రాళ్లు మోయడానికి కుదిరాడు. మోసి మోసి, చివరికి మంట చూసే మేస్త్రీ అయ్యాడు. బట్టీ గోడకున్న కంతలోంచి ఒక్కసారి తొంగిచూసి, లోపల రాయి కాలిందో, పచ్చిగా ఉందో, మాడిపోతుందో చెప్పేసేవాడు. చదివింది ఏడో తరగతే అయినా, ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే కాబట్టి అక్షరాలు మరిచిపోలేదు.

కాయలు కాసిన ఆయన వేళ్లను టచ్ స్క్రీన్ కూడా గుర్తుపట్టేది కాదు. నాలుగురోజులు తంటాలుపడి, వేలు మడిచి కణుపుతో నొక్కడం కనిపెట్టాడు. నేర్పడానికి స్క్రీన్ మీద ఆడించే నమూనా గీతలు చూసి, "ఇదేందమ్మా, ఆసుపత్రిలో గుండెకాయ గీతల్లే ఉండాయి?" అనేవాడు. అంకెలు మాత్రం ఎంతకీ ఒంటబట్టలేదు. తొమ్మిది వందల యాభై డిగ్రీలంటే ఆయనకేమీ తోచేది కాదు.

ఒకరోజు నాకే ఆలోచన వచ్చింది. "బాబాయ్, నువ్వు కంతలోంచి చూసినప్పుడు ఏం రంగు కనపడేది?" అని అడిగాను.

"ఒక రంగేంది మేడమ్మా! మొదట పండుమిరపకాయ రంగు. అప్పుడు రాయి ఇంకా పచ్చిదే. కనకాంబరం రంగుకొచ్చిందనుకో, అది అసలు కాలడం. గుమ్మడిపువ్వు రంగు తిరిగిందా, మాడినట్టే. ఇంక పారబోయడమే."

ఆయన చెబుతుంటే నేను రంగుల పక్కన డిగ్రీలు రాసుకుంటూ పోయాను. ఆ కాగితం చేతికిచ్చాక వారంలో గీతలన్నీ చదివేశాడు. మిగతావాళ్లూ ఆ కాగితాన్నే ఫోన్లలో ఫొటో తీసుకున్నారు.

మూడో నెలలో బట్టీని మొదటిసారి వెలిగించారు. స్క్రీన్ ఎనిమిది వందల తొంభై చూపిస్తోంది. మంట ఇంకా పెంచమన్నాడు ఇంజనీరు. పైకెక్కి కంతలోంచి చూసొచ్చిన బాబాయ్, "వద్దు సార్. గుమ్మడిపువ్వు తిరిగింది. మీ మిషను అబద్ధం చెప్తంది," అన్నాడు. ఇంజనీరుకు నచ్చలేదు. అయినా గ్యాసు తగ్గించి చూస్తే, సెన్సరు తొడుగు పగిలి ఉంది. ఆరోజు మెట్లు దిగి వచ్చిన బాబాయ్ చాలాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు. దగ్గు ఆగలేదు. ఎక్కిన ఆయాసమేలే అనుకున్నాను.

పరీక్షలో ఆయనకు మూడో స్థానం వచ్చింది. ఉద్యోగానికి ముందు మిగిలింది డాక్టరు పరీక్ష ఒక్కటే.

ఊపిరి కొలిచే గొట్టంలోకి గట్టిగా ఊదాలి. బాబాయ్ మొదటిసారి ఊది, సరిగ్గా పట్టుకోలేదేమో అన్నాడు. రెండోసారి సగంలోనే దగ్గొచ్చింది. మూడోసారి ఊదాక కళ్లు తిరిగి స్టూలు మీద కూలబడ్డాడు. ఎక్సరే చూసి డాక్టరు నన్ను పక్కకు పిలిచారు. ఊపిరితిత్తులు రెండూ దుమ్ముతో గట్టిపడిపోయాయట. ఈయన ఇక ఏ బట్టీ దగ్గరికీ పోకూడదన్నారు.

కార్మికుడి ఆరోగ్యం ముందు, ఉత్పత్తి తరవాత. ఆ నియమాన్ని క్లాసులో చెప్పింది నేనే.

బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు బాబాయ్. విషయం చెప్పాను. కాసేపు అరచేతులు చూసుకున్నాడు.

"దుమ్ములేని బట్టీ అంటే ఎంత సంబరపడ్డానో తెలుసా. ముప్ఫై ఏళ్ల ముందు కట్టుంటే ఏం పోయిందమ్మా వీళ్లకి?"

మేనేజరు దగ్గరికి వెళ్లాను. కంట్రోల్ రూములో కూర్చోబెడితే చాలు, దుమ్ము తగలదన్నాను. అలారం మోగితే అక్కడివాళ్లే బట్టీ ఎక్కాలి, ఎక్కలేని మనిషిని పెడితే ఆయన ప్రాణానికే ముప్పు అన్నాడు మేనేజరు. అతను చెప్పింది తప్పు కాదు. ఇంకో దారి వెతకమని పట్టుబట్టి ఉండొచ్చు నేను. ఆ నెలలోనే నా కాంట్రాక్టు పొడిగించాల్సి ఉంది. ఊరుకున్నాను.

పనిదొరకని కార్మికుడి ఇంట్లోవాళ్లకు రెండో బ్యాచ్‌లో సీటిస్తామన్నారు. బాబాయ్ భార్య ఆదెమ్మ మిరపచేలల్లో కూలికి పోయే మనిషి. ఐదోతరగతితో ఆపేసింది. ఆమెను తీసుకొచ్చి నా ముందు నిలబెట్టాడు.

"నాకెందుకయ్యా ఇయ్యన్నీ? నీకు దక్కంది నాకేం దక్కుద్ది?" అంది ఆదెమ్మ.

"ఏమే, నీ ఊపిరి బాగుండాది. అదే చానా పెద్ద చదువు. కూర్చో," అన్నాడు.

మూణ్ణెల్లూ ఆమెతో బస్సెక్కి వచ్చాడు. క్లాసులోకి రానిచ్చేవారు కాదు. వరండాలో కిటికీ పక్కన కూర్చుని వినేవాడు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఇద్దరూ ఆ రంగుల కాగితం ముందేసుకుని కూర్చునేవాళ్లు. తప్పు చదివితే ఆమెను కసిరేవాడు, కసరగానే దగ్గేవాడు. ఆ దగ్గుకు భయపడే ఆదెమ్మ తొందరగా నేర్చుకుందేమో. డాక్టరు పరీక్షలో గొట్టంలోకి ఒక్క ఊపున ఊదేసి, బయటికొచ్చి ఆయన మొహం చూడలేక తల తిప్పుకుంది. అంత ఊపిరి తనకుండటం తప్పయినట్టు.

ఆమె ఉద్యోగంలో చేరాక ఇంట్లో వంట బాబాయిదే. ఆదెమ్మ డ్యూటీ దిగి ఇంటికెళ్లగానే, చెప్పులైనా విడవకముందే, "ఇయ్యాల ఎంత మీద నడిచింది? రాయి ఏ గనిది?" అని అడిగేవాడట. మెల్లగా ఆ మాటలకూ ఊపిరి చాలలేదు. వేళ్లతో సైగ చేసేవాడు.

మొన్న మేలో, ఎండ నిప్పులు చెరిగే మధ్యాహ్నం పోయాడు. ఆదెమ్మ డ్యూటీలో ఉంది. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. పక్కింటివాళ్లు పదకొండుసార్లు చేశారు. ఆ ఫోను గేటు దగ్గర పెట్టెలో మోగి మోగి ఆగిపోయింది. ఆమె షిఫ్టు దిగి వచ్చి చూసుకునేసరికి ఆయన పోయి మూడు గంటలు దాటింది. గేటు దగ్గరే నా భుజం పట్టుకుని ఆదెమ్మ ఒక్కటే మాట అంది: "మంట బాగా నిలబడిందమ్మా ఇయ్యాల. చెబుదామనుకున్నా."

రెంటచింతలలో సమాధి చేశాం. నాలుగోరోజు ఆమె మళ్లీ డ్యూటీకి వచ్చింది.

ఆ తరవాత నేను పైవాళ్లకు ఉత్తరం రాశాను. డాక్టరు పరీక్ష చివర్లో కాదు, చేరేముందే పెట్టండి, మూణ్ణెల్లు ఆశపెట్టి పంపడం పాపం అని. పరీక్షలో నిలవనివాళ్లకు కూర్చుని చేసే పని ఏదైనా చూపించండి అని కూడా రాశాను. మొదటిది వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి జవాబు రాలేదు.

ఈసారి చేరడానికి ముప్ఫై మంది వచ్చారు. పదకొండుమంది గొట్టం దగ్గరే ఆగిపోయారు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. డాక్టరిచ్చిన కాగితాలు మడిచి జేబుల్లో పెట్టుకుని, గేటు బయట ఆటో ఎక్కి వెళ్లిపోయారు.