గేటు దగ్గర నేను లేను

పద్దెనిమిదేళ్ళుగా ఒక్క మాట నన్ను వదలడం లేదు. "కదల్లేదు" అన్న మాట. ఆ మాట అన్న రోజున నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇప్పుడు గడ్డం నెరుస్తోంది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది పొదిలి. పరుపులు, బొంతలు కుట్టి అమ్మే కుటుంబం. మా అన్నయ్య కాశిం, వదిన మస్తాన్‌బీ. వరసగా రెండేళ్ళు పత్తి దెబ్బతింది. పెళ్ళిళ్ళకి పరుపులు కుట్టించే రైతులే లేకపోయారు. అప్పుడు వదిన కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. మూడేళ్ళు చేసింది. ఇక వస్తానంటే ఆ ఇంటివాళ్ళు పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఎలాగో ఎంబసీకి చేరి, పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఔట్‌పాస్ అనే తెల్లకాగితం సంపాదించి విమానం ఎక్కింది. దించేది మద్రాసులో. అన్నయ్యకి జ్వరం. తీసుకురావడానికి నన్ను పంపారు.

విమానం ఉదయం ఎనిమిదింటికి దిగింది. బయటికొచ్చే గేటు దగ్గర ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్కరే వస్తున్నారు, అట్టపెట్టెలు, దుప్పట్లు తోసుకుంటూ. వాళ్ళవాళ్ళు పేర్లు పెట్టి అరుస్తున్నారు. తొమ్మిది. పది. పదిన్నరకి రావడం ఆగిపోయింది. సామాన్లు మోసే ఒకాయన్ని అడిగితే, ఆ విమానంవాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారన్నాడు. నమ్మాను. నిజంగా నమ్మానా? నమ్మడం తేలిక కాబట్టి నమ్మానా? లోపల మనుషుల్ని కూర్చోబెడతారని, కాగితం సరిగా లేకపోతే గంటలు పడుతుందని నాకు తెలియదు. కానీ తెలుసుకోవాలని ఇంకొకరిని అడగలేదు కూడా. పదకొండింటికి అక్కడినుంచి బయల్దేరాను.

ఎక్కడికో చెబుతాను. సినిమాకి. మద్రాసు రావడం అదే మొదటిసారి. చల్లటి హాలు, పెద్ద తెర. అరవం ఒక్క ముక్క రాదు. అయినా చివరిదాకా కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి మూడున్నర. గేటు దగ్గర వేరే విమానం జనం.

మా వీధి కిరాణా కొట్టుకి ఫోన్ చేసి అన్నయ్యని పిలిపించాను. అతను అడిగిన మొదటి మాట, "నువ్వక్కడే ఉన్నావు కదా?" అని.

"పొద్దుట్నుంచీ ఇక్కడే అన్నా. వదిన దిగలేదు."

అబద్ధం ఆడాలని ముందుగా అనుకోలేదు. అతను అలా అడగకపోతే నిజమే చెప్పేవాణ్ణా? ఇన్నేళ్ళలో నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. జవాబు తెలియదు.

వదిన మర్నాడు మధ్యాహ్నం ఒంటరిగా బస్సు దిగింది. నేను అప్పటికే ఇంట్లో ఉన్నాను. వసారాలో అందరూ చేరారు. మా పెదనాన్న అడిగాడు.

"అయిదున్నర గంటలా? ఇమానం దిగినోళ్ళని అంతసేపు కూర్చోబెట్టి ఏం చేస్తారమ్మా?"

"అడిగిందే అడిగారు మామా. పాస్‌పోర్టేది, ఏ ఏజెంటు పంపాడు, ఎవరింట్లో చేశావు అని. ఎక్కడెక్కడికో ఫోన్లు చేశారు. ఒక ఆఫీసరు డ్యూటీ దిగిపోతే ఇంకొకాయన వచ్చి మళ్ళీ మొదట్నుంచీ అడిగాడు. బయటికొచ్చేసరికి ఒకటిన్నర. చూస్తే మనవాళ్ళెవరూ లేరు. కిరాణా కొట్టుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాతోపాటు దిగిన నెల్లూరు పెద్దామె వాళ్ళింటికి తీసుకుపోయి, పొద్దున్నే బస్సెక్కించింది."

అన్నయ్య నావైపు తిరిగాడు. "ఏరా, నువ్వు గేటు దగ్గరే ఉన్నావా?"

"ఉన్నానన్నా. కదల్లేదు."

వదిన నన్ను చూసింది. కోపంగా కాదు. "టీ తాగడానికన్నా పోయుంటావు కదబ్బాయ్?" అంది మెల్లగా.

నేను బయటపడటానికి దారి ఇచ్చింది. అవునంటే చాలు. సినిమా మాట కూడా ఎత్తక్కర్లేదు. ఆమె మాట నిలబడేది.

"పోలేదొదినా," అన్నాను.

ఆ తర్వాత ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. నెల్లూరు పెద్దామె ఇల్లు ఏ వీధో ఆమెకి తెలియదు. మా బజారులో ఆ ఒక్క రాత్రి గురించి నానా మాటలూ పుట్టాయి. అన్నయ్య చెయ్యెత్తలేదు, మాట్లాడటం మానేశాడు. నాలుగు నెలలకి ఆమెని దాచేపల్లిలోని పుట్టింటికి పంపేశాడు. ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళికి పరుపు కుట్టింది నేనే.

అయిదేళ్ళకి నేనూ కువైట్ వెళ్ళాను, తెరలు కుట్టే పనికి. మొదటి సెలవుకి వస్తూ అదే మద్రాసులో దిగాను. గల్ఫ్ విమానాలు రెండు ఒకేసారి దిగాయి. వరస కదలదు. పాస్‌పోర్టులో ప్రతి పేజీ తిప్పి చూస్తున్నారు. ఆ తర్వాత సామాను కోసం ఎదురుచూపు, దాని తర్వాత కస్టమ్స్. అన్ని కాగితాలూ సరిగా ఉన్న నాకే రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. వరసలో ఉండగా గోడ పక్కన బెంచీ మీద ఆడవాళ్ళు కనిపించారు, చేతుల్లో తెల్లకాగితాలతో. వాళ్ళలో ఒకామె పిలిచింది.

"అన్నా, తెలుగోళ్ళేనా? బయట మా తమ్ముడుంటాడు, సుబ్బయ్య. లోపలే ఉన్నానని చెప్పన్నా. ఎల్లిపోతాడేమో."

బయటికొచ్చి ఆ పేరు గట్టిగా పిలిచాను. బక్కపల్చటి మనిషొకడు పరుగెత్తుకొచ్చాడు. "మీ అక్క లోపలే ఉంది. ఎంతసేపైనా సరే, ఇక్కడే ఉండు," అన్నాను. అతను నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. చేతులు లాక్కున్నాను. అక్కడే రోడ్డు పక్కన సామాను మీద కూలబడ్డాను. ఒక కబురందించినంత మాత్రాన ఏం తీరుతుంది?

ఇంటికెళ్ళి అన్నయ్యకి చెప్పాలనుకున్నాను. అతనికి అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. చెబితే ఆ కాపురం ఏమవుతుందో అనుకుని ఊరుకున్నాను. వాళ్ళ కోసమే ఊరుకున్నానా? నన్ను చూసే వాళ్ళ చూపు మారిపోతుందని ఊరుకున్నానా? రెండోదే నిజమని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

వదిన కొన్నాళ్ళు గుంటూరులో మిరపకాయల తొడాలు తీసే పని చేసింది. ఒకసారి ఆ షెడ్డు దాకా వెళ్ళాను. ఘాటుకి అందరూ ముక్కులకి కొంగులు కట్టుకుని వంగి కూర్చున్నారు. ఆమె ఎవరో పోల్చుకోలేక తిరిగొచ్చాను. అంటే, పోల్చుకునేదాకా నిలబడలేదు. తర్వాత ఆమె మళ్ళీ గల్ఫ్ వెళ్ళింది. ఇప్పటికి రెండుసార్లు సెలవుకి వచ్చి వెళ్ళింది. వాళ్ళ చెల్లెలు మొన్న ఒక పెళ్ళిలో కనబడి చెప్పింది: "ఏరోజు దిగుతుందో అక్క ఎవరికీ చెప్పదు. తలుపు కొడితేనే మాకు తెలిసేది."

ఇది రాసినందువల్ల ఆమెకి ఒరిగేదేమీ లేదు. క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు, ఆమెని. ఆమె ఎదుట నిలబడే ధైర్యం నాకింకా రాలేదు. కానీ ఒక్కటి రాసిపెట్టాలి. ఆ రోజు వసారాలో, అందరి ముందూ, మస్తాన్‌బీ వదిన చెప్పిన ప్రతి మాటా నిజం. అబద్ధం చెప్పింది నేను.