అక్క కొన్న మోత బండి

ఆ ఉదయం పాత కార్లు అమ్మే ఆవరణలో నా తెల్లచొక్కా ముందు భాగం నల్లబడింది. జరిగింది ఇంతే. పొగ ఏ రంగులో వస్తోందో చూసి చెప్పమన్నాడు బావ. నేను కారు వెనక్కి వెళ్ళి, చెప్పులమ్ముకునే నాకు సహజమైన శ్రద్ధతో వంగి చూశాను. సరిగ్గా అప్పుడే అక్క యాక్సిలరేటర్ తొక్కింది.

“నలుపు, బావా,” అన్నాను ముఖం తుడుచుకుంటూ.

“పొగా, నువ్వా?” అన్నాడు బావ.

ఆయనకు కళ్ళు కనబడవు. దగ్గునిబట్టి కనిపెట్టాడు. గట్టిగా తొక్కినప్పుడు ఒక్క గుప్పున వచ్చి తేలిపోతే పరవాలేదట. ఆగకుండా వస్తేనో, నీలంగా వస్తేనో ఆలోచించుకోవాలట.

బావ వయసంతా లారీ నడిపిన మనిషి. చక్కెర జబ్బు మెల్లమెల్లగా చూపు పట్టుకుపోయింది. అప్పట్నుంచి గడప దాటడం మానేశాడు. టాక్సీ పిలుస్తామంటే, ఎవడో నడుపుతుంటే మూటలా కూర్చోవడం తన వల్ల కాదనేవాడు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని వీధిలో పోయే బండ్లని వినేవాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది. మనిషి ఇంట్లో ఉండగానే చేజారిపోతున్నాడురా అని అక్క నాతో ఒక్కసారి అంది, అదీ కుట్టుమిషన్ ఆపకుండా.

మా అక్క బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఏదైనా తలపెడితే ఎవరికీ చెప్పదు, అయిపోయాక మనకే తెలుస్తుంది. అలాగే ఒకరోజు డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చి బావ చేతిలో పెట్టింది. ఆయన తడిమి చూసి బ్యాంకు కార్డనుకున్నాడట. సంగతి చెప్పి, ఇక కారు కొనాలి, అదీ డీజిల్‌దే కొనాలి, ఎంచిపెట్టేది మీరే అంది. బావ లేచి చొక్కా మార్చుకున్నాడు.

అలా ముగ్గురం బయల్దేరాం. బావకి కళ్ళుగా నన్ను తీసుకెళ్ళారు. కళ్ళుగా నా పనితనం ఇందాక చెప్పాను. ఆ తర్వాత ఇంకో బండి ఇంజిన్లో ఆయిల్ కొలిచే పుల్ల పైకి లాగి, బొగ్గులా ఉంది, ఇది పనికిరాదని తీర్పు చెప్పేశాను. డీజిల్ ఇంజిన్లో ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుందట. తేనెలా మెరుస్తుంటేనే, మన కోసం నిన్న మార్చారేమోనని చూసుకోవాలట. అమ్మకందారు ఎటో చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

బావ మాత్రం స్టార్ట్ చేయించే ముందు ప్రతి బండి బానెట్ మీదా అరచెయ్యి ఆనించేవాడు. వెచ్చగా తగిలితే పక్కకి జరిగిపోయేవాడు. మొండికేసే బండినే ముందుగా వేడిచేసి ఉంచుతారని ఆయన లెక్క. చల్లటి ఇంజిన్ ఒక్క తాళంతో అందుకుని, దడదడలాడి, కాసేపట్లో కుదురుకోవాలి. చివరికి అలాంటివి రెండు తేలాయి.

మొదటిది కాస్త కొత్తది, మెత్తనిది. అక్క నడిపింది, బావ పక్కన కూర్చున్నాడు, నేను వెనక. లోపల కూర్చుంటే ఇంజిన్ ఉందో లేదో తెలియలేదు. బావ చేతులు ఒళ్ళో పెట్టుకుని, “మంచి బండే,” అన్నాడు, పరాయివాళ్ళింట్లో కాఫీ బాగుందన్నట్టు.

రెండోది పాతది. కదలగానే అద్దాలతో సహా మాట్లాడటం మొదలుపెట్టింది. వీధి మలుపు తిరిగి వేగం అందుకుంటుండగా, బావ ఎడమపాదం తన ముందు లేని క్లచ్‌ని నొక్కింది. అక్క చూపు రోడ్డు మీద ఉండాల్సింది, ఆ పాదం మీదికి వెళ్ళింది.

“మూడెయ్,” అన్నాడు బావ. వేసింది. “అరుస్తోంది, నాలుగెయ్.” వేసింది. తిరిగి ఆవరణలోకి వచ్చేదాకా ఆయన చెప్పడం, ఆమె చెయ్యడం. ఎంత చెప్పింది చెప్పినట్టు చేసిందంటే, ఎదురుగా పాత టైర్ల గుట్ట కనబడుతున్నా, బ్రేకు మాట ఆయన ఎత్తలేదు గనక ఆమె తొక్కలేదు. బండి నిదానంగా వెళ్ళి టైర్లకి ఆనుకుని, గుక్కపట్టి ఆగిపోయింది.

“ఏంటది?” అన్నాడు బావ.

“టైర్లు.”

“బ్రేకెయ్యొద్దటే?”

“మీరు చెప్పలేదుగా.”

బావ నవ్వాడు. నల్లకళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ, ఆపుకోలేక మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు మేం విని చాలాకాలమైంది. అక్క స్టీరింగ్ వదలకుండా తల పక్కకి తిప్పుకుంది. దిగాక అమ్మకందారుతో ఇదే కావాలంది. మొదటిదే సుఖమని అతనూ చెప్పాడు, నేనూ చెప్పాను.

ఇప్పుడు సాయంత్రాలు వాళ్ళిద్దరూ ఊరు దాటి తిరిగొస్తారు. కిందటి ఆదివారం నన్నూ ఎక్కించుకున్నారు. ఒక్క ముక్క చెప్పాలన్నా కేకలు పెట్టాలి. ముందు సీట్లో బావ గేర్లు చెబుతూనే ఉన్నాడు. దిగేసరికి నా చెవులు హోరెత్తిపోయాయి. బావ తాళం వేస్తుంటే అక్కని పక్కకి పిలిచి, ఆ మెత్తటి కారు కొనుంటే హాయిగా కబుర్లాడుకుంటూ వచ్చేవాళ్ళం కదా అని సణిగాను.

“అందులోనైతే మీ బావ కూర్చునేవారురా, ఇందులో నడుపుతున్నారు,” అంది అక్క.