పగిలిన ప్లేటుకి వన్స్ మోర్

2003 మార్చి నెల, మొదటి గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు. అద్దంకి దగ్గర ఒక ఊళ్లో, మిరపకాయలు ఎండబోసిన కళ్లంలో జరిగింది ఇది. చీకటి లేదు, అమావాస్య కాదు. నేను తాగి లేను.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా చేను శ్మశానం పక్కనే. రాత్రిళ్లు ఒంటరిగా నీళ్లు కట్టినవాణ్ణి. ఏనాడూ ఏదీ కనపడలేదు. ఫలానావాళ్లకి దయ్యం పట్టిందని ఎవరన్నా చెబితే, ముందు కడుపునిండా అన్నం పెట్టండి అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నాకు నాటకం పద్యాల పిచ్చి. పాత గ్రామఫోను ప్లేట్లు ఎక్కడున్నాయంటే అక్కడికి పోయి తెచ్చుకునేవాణ్ణి. మొదట్లో నాకు చదువు రాదు. లేబులు రంగు, అంచు మీద గాటు చూసి ఏది ఎవరిదో గుర్తుపెట్టుకునేవాణ్ణి. యాభై ఏళ్లు వచ్చాక రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నది ఆ లేబుళ్లు చదవడానికే. సంతకం కోసం వచ్చానని మా పంతులు నలుగురికీ చెప్పుకునేవాడు. అది అబద్ధం.

మా ఆవిడ నాగరత్నానికి ఇవంటే గిట్టదు. "అన్నం పెట్టుకోడానికి పనికిరావు, విస్తరాకుల్లాగా పారెయ్యనూ ఇవ్వవు. ఏం ప్లేట్లయ్యా ఇవి" అనేది.

చీరాలలో పాతసామాన్ల కొట్లో ఒక ప్లేటు దొరికింది. ఒకవైపు ఎవరో మేకుతో గీకేశారు. రెండోవైపు బాగానే ఉంది గాని, అంచు నుంచి లోపలికి సన్నగా పగులు. నాటకం పేరు చెరిగిపోయింది. పాడినాయన పేరు కూడబలుక్కుని చదివాను. చెన్నుపల్లి రామలింగయ్య.

ఆ పేరు మా నాన్న నోట విన్నాను. ఆయన పద్యం పాడితే జనం వన్స్ మోర్ అని అరిచేవాళ్లట. ఎన్నిసార్లు అడిగినా మళ్లీ పాడేవాడట. విసుక్కోవడం గాని, వినిపించుకోనట్టు తప్పుకోవడం గాని లేదట. చిన్న వయసులోనే పోయాడు. ఆయన పాడిన ప్లేటు ఒకటుందని కూడా అప్పటిదాకా నాకు తెలియదు.

అద్దంకిలో ఒక ముసలి హార్మోనియం మేష్టారిని అడిగాను. రామలింగయ్యగారి కూతురు అచ్చమాంబగారు ఆ పక్క ఊళ్లోనే ఉన్నారని ఆయన చెప్పాడు. తండ్రి పోయేనాటికి ఆవిడ తల్లి కడుపులో ఉందట. అంటే కన్నతండ్రి గొంతు ఆవిడ ఒక్కసారి కూడా వినలేదు.

అందుకని ఆ ప్లేటు నేను వేసి చూడలేదు. పగులున్న ప్లేటు ఎంతసేపు తిరుగుతుందో చెప్పలేం. ఉన్న ఆ కాస్త ఆయుష్షూ ఆవిడకే దక్కాలనుకున్నాను.

రెండు దిండ్ల మధ్య పెట్టి కట్టి, బస్సులో నాగరత్నం ఒళ్లో ఉంచాను. గ్రామఫోను పెట్టె, దాని బాకా నా ఒళ్లో. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉంది గాని, బస్సు గుంటలో పడ్డప్పుడల్లా ఆ దిండ్లని చేతుల మీదికి ఎత్తుకుంది.

అవి మిరపకాయల రోజులు. ఇళ్లకి తాళాలు వేసి మనుషులంతా కళ్లాల్లోనే ఉంటారు. ముందే కబురు చేశాం గనక అచ్చమాంబగారు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని టార్పాలిన్ పట్ట మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంది. ఆవిడ కొడుకు శ్రీను ఎరువుల కొట్టు నడుపుతాడు. బ్యాటరీల టేప్ రికార్డరు తెచ్చి పక్కన పెట్టాడు. రంగు పోయిన తాలుకాయలు ఏరే కోటమ్మ పని ఆపి వచ్చి చతికిలబడింది. ఆ వేళకి కరెంటు లేదు.

కొత్త ముల్లు పెట్టి, కీ తిప్పాను. శ్రీను టేపు నొక్కాడు.

హార్మోనియం వచ్చింది. పగులు దగ్గర టిక్కు టిక్కుమంటోంది. తర్వాత గొంతు వచ్చింది. "ఆ" అని రాగం ఎత్తుకున్నాడు. అచ్చమాంబగారు బాకా దగ్గరికి వంగింది. ఇంక పద్యం మొదటి మాట రావాలి, టప్పుమంది. ప్లేటు రెండు ముక్కలయింది.

నేను ముక్కలు తీసి పట్టుకున్నాను. ఒక్కో చేతిలో ఒక్కోటి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగినప్పుడు కూడా అవి నా చేతుల్లోనే ఉన్నాయి. పెట్టె మీద చక్రం ఆగిపోయింది.

ఇంకోటి వెతుకుతానమ్మా అన్నాను గాని, ఇంకోటి దొరకదని నాకు తెలుసు. ఆవిడ నా వైపు చూడలేదు. బాకా వైపే చూస్తూ, వంటింట్లో ఉప్పు అందివ్వమన్నంత మామూలుగా అంది.

"వన్స్ మోర్, నాన్నా."

పద్యం వచ్చింది.

బాకాలోంచి కాదు. ఎటునుంచో చెప్పమంటే చెప్పలేను. ప్లేటుకుండే గీరుడు లేదు, టిక్కు లేదు, హార్మోనియం కూడా లేదు. ఒట్టి గొంతు. అవతల పట్ట చివర మనిషి నిలబడి పాడితే ఎంత దూరాన వినపడుతుందో అంత దూరాన వినపడింది. ఇందాక రాగం ఎత్తుకున్న గొంతే. ప్లేటు కోసం పాడేవాళ్లు జాగా చాలదని గబగబా ముగిస్తారు. ఈయన తాపీగా నాలుగు పాదాలూ పాడి, ఆఖర్న రాగం తనకి తృప్తి అయ్యేదాకా తీశాడు.

నాకు భయం వెయ్యలేదు. మనిషి ఏడీ అని చూడాలని కూడా తోచలేదు. పద్యం బాగుంటే భళా అంటాం గదా, అన్నాను. అయిపోయాక నాగరత్నం చప్పట్లు కొట్టింది. మా కాపరంలో పద్యానికి ఆవిడ చప్పట్లు కొట్టడం నేను చూసింది అప్పుడే.

తర్వాత తెలివి వచ్చి లేచాను. చుట్టుపక్కల కళ్లాలన్నీ తిరిగి అడిగాను. ఎక్కడా రేడియో లేదు, మైకు లేదు. పాట విన్నామన్నవాళ్లు లేరు. మీరంతా ఆహా ఓహో అంటుంటే ఎవరన్నా కథ చెబుతున్నారేమో అనుకున్నాం పెద్దాయనా, అన్నాడు ఒకతను.

తిరిగొచ్చేసరికి శ్రీను టేపు వెనక్కి తిప్పి వింటున్నాడు. హార్మోనియం ఉంది. రాగం ఉంది. టప్పుమనడం, నా మాట, వాళ్లమ్మ మాట ఉన్నాయి. తర్వాత పద్యం లేదు. గాలికి పట్ట కొట్టుకుంటున్న చప్పుడే ఉంది. కానీ ఆ చప్పుడు మధ్యలో కోటమ్మ ఆహా అంటోంది. కాసేపటికి నేను భళా అన్నాను. ఇంకాసేపటికి ఇద్దరం ఒకేసారి అన్నాం. ఒక చోట కోటమ్మకి ఘాటుకి దగ్గొచ్చింది. "ష్, దగ్గమాకు" అన్న గొంతు శ్రీనుదే. చివర చప్పట్లు.

"మనందరికీ అలా అనిపించి ఉంటుంది మావయ్యా" అన్నాడు శ్రీను.

"మరి ఏం వినడానికి నన్ను దగ్గమాకన్నావు అబ్బాయా?" అంది కోటమ్మ.

అతను టేపు ఆపేశాడు.

ఇంకొకటి. పాడుతున్నప్పుడు ప్రతి మాటా తేటగా తెలిసింది. ఆ తర్వాత ఒక్క పాదం చెప్పమంటే ఎవరికీ రాలేదు. ఒకసారి వింటే పద్యం పట్టేసేవాణ్ణి నేను. నాకూ రాలేదు.

శ్రీను క్యాసెట్టు తీసి నాకిచ్చాడు. ఉంచుకోమని అచ్చమాంబగారికి ఇవ్వబోయాను. వద్దంది. "అడిగాను, పాడాడు. ఇంక దాంతో పనేముంది అన్నయ్యా" అని, కళ్లు తుడుచుకుని, ఇది మిరపకాయల ఘాటు కాదని తనే చెప్పి, మాకు మజ్జిగ తేవడానికి లేచింది.

క్యాసెట్టు ఇప్పటికీ నా దగ్గరుంది. చాలామందికి వినిపించాను. నవ్వినవాళ్లున్నారు. వాళ్లని నేనేం అనను, నేనైనా నవ్వేవాణ్ణే. అది దయ్యమని చెప్పలేను, భ్రమ అని సరిపెట్టుకోలేను. నాకు తెలియదు.

ఇది రాస్తూ మొన్న అచ్చమాంబగారికి ఫోను చేశాను. ఆ రోజు ఉన్నవాళ్ల పేర్లు చివర రాస్తున్నాను, సమ్మతమేనా అని అడిగాను. చదవమంది. చదివాను. ఒక పేరు వదిలేశావు అన్నయ్యా అంది. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను. ఆ మధ్యాహ్నం కళ్లంలో ఉన్నవాళ్లం: అచ్చమాంబగారు, ఆవిడ కొడుకు శ్రీను, తాలుకాయలు ఏరే కోటమ్మ, మా ఆవిడ నాగరత్నం, సాంబయ్య అనే నేను, చెన్నుపల్లి రామలింగయ్యగారు.