ఓడకు దిష్టి

అమెరికా సరస్సుల్లో తిరిగే పాత సరుకు ఓడలంటే నాకు పిచ్చి. ఆదోనిలో కూర్చుని ఫోన్లో లైవ్ చూస్తుంటాను. ఆవిరి ఇంజను తీసేసి డీజిల్ ఇంజను పెట్టించుకున్న ఒక ముసలి ఓడ ఈ పొద్దున రేవులోకి వస్తుంటే అమ్మకూ చూపించాను.

"దీన్ని ఎంతమంది సూస్తాండారు?" అంది.

"వేలమంది, అమ్మా."

"ఇన్ని కండ్లు పడితే అదేం గావల్లప్పా!"

వంటింట్లోంచి ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టుకొచ్చి ఫోను చుట్టూ తిప్పసాగింది. సరిగ్గా అప్పుడే ఓడ హారన్ కొట్టింది. అమ్మ ఉలిక్కిపడి గుప్పిట వదిలేసింది.

ఓడ క్షేమంగా రేవు చేరింది. ఉప్పు దూరిన నా ఫోనుకే ఛార్జింగ్ ఎక్కడం లేదు. ఈ పోస్టు మా ఆవిడ ఫోను నుంచి పెడుతున్నాను.

అమ్మ మాత్రం గర్వంగా ఉంది. "ఎంత దిష్టి ఉన్నిందో సూడు, ఫోనే పోయింది!"

ఆమెతో వాదించి గెలిచే మొనగాళ్లు ఎవరైనా ఉంటే కామెంట్లో చెయ్యెత్తండి.